షష్టిపూర్తి ఆల్బంలో ఏనుగులు

మదనపల్లె

చిరంజీవి ముద్దుకృష్ణకు యశోదమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. నువ్వెక్కడ ఉన్నావో తెలియదు కాబట్టి నీ క్షేమసమాచారం మీ కుప్పం స్టూడియోనే అడుగుతున్నాను. ఫోన్ చేస్తే మీ ఆవిడ మాలతి, "ఆయన అడవిలో ఉండాడమ్మా, సిగ్నల్ లేదు. ఉత్తరం రాయండి, దొరికినప్పుడు సదివి వినిపిస్తా" అంది.

పోయిన నెల పుంగనూరు కల్యాణ మండపంలో మా ఆయన రెడ్డెప్ప షష్టిపూర్తికి ఫొటోలు తీసింది నువ్వే కదా. ఆల్బం నిన్న వచ్చింది. పుంగనూరు నుంచి మా ఆడబిడ్డ గోవిందమ్మను పిలిపించి, ఇరుగుపొరుగు వాళ్లను కూర్చోబెట్టి, కాఫీలిచ్చి, అందరి ముందూ తెరిచాను.

మొదటి పేజీలో ఏనుగు. మంగళస్నానం ఉండాల్సిన చోట అదే ఏనుగు నీళ్లు పోసుకుంటోంది. తాళి కట్టే చోట రెండు కొండముచ్చులు పేలు చూసుకుంటున్నాయి. భోజనాల దగ్గర ఎలుగుబంటి. బంధువులంతా నిలబడాల్సిన చోట ఏనుగుల మంద, అదీ వెనక వైపు నుంచి. గోవిందమ్మ కళ్లజోడు మరిచిపోయి వచ్చింది. ఆ పేజీని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "వదినా, ఇందులో నేను యాడుండాను?" అని అడిగింది. ఏం చెప్పమంటావు నాయనా?

మా ఆయన టమాటా మండీ నడుపుతాడు. ఫొటో అంటే మొహం తిప్పేస్తాడు. మా పెళ్లి ఫొటోలో కూడా పక్కకే చూస్తుంటాడు. ఈసారైనా ఇద్దరం సరిగ్గా పడతామని ఆశపడ్డాను. ఆల్బం వచ్చిందని ఆయనకింకా చెప్పలేదు. మా మనుషుల్ని మాకు తొందరగా పంపించు.

ఇట్లు,
యశోదమ్మ

తా.క.: మా వీధి పిల్లలు రోజూ ఆల్బం చూడ్డానికి వస్తున్నారు. మా బంధువుల ఫొటోలైతే ఒక్కడూ వచ్చేవాడు కాదు. ఆ మాట ఒప్పుకోవాలి.

*

బెంగళూరు

అమ్మా యశోదమ్మ గారికి,

ముద్దుకృష్ణ నమస్కారాలు. మీ ఉత్తరం మాలతి ఫోన్లో చదివింది. అప్పుడు నేనిక్కడ ఒక పెళ్లిలో ఉన్నాను. పెళ్లికొడుకు ఒడిలో లాప్‌టాప్ మూస్తే తప్ప తలంబ్రాలు పోయడానికి చోటు లేదు. ఈ నెల నాకు ఊపిరాడటం లేదమ్మా. మొన్న చెన్నై బీచిలో ఒక జంటను పరుగెత్తించి ఫొటోలు తీశాను. అంతకు ముందు కౌండిన్య అడవిలో ఏనుగులు నన్ను పరుగెత్తించాయి. ఇక్కణ్నుంచి హంపి, గండికోట, ఆ తర్వాత నల్లమల.

తప్పు నాదే. ఏనుగుల పెన్‌డ్రైవూ మీ పెన్‌డ్రైవూ ఒకే జేబులో వేసుకున్నాను. ఏనుగులు ఆల్బం ప్రెస్సుకు వెళ్లాయి. మీరంతా ఇక్కడి ఫొటో ఎగ్జిబిషన్‌కు వెళ్లారు. దాని పేరు "మన చుట్టూ జీవులు". అందుకే వాళ్లకు అనుమానం రాలేదు. మీ వాళ్లను పెద్ద సైజులో వేసి గోడలకు తగిలించారు. భోజనాల బంతి కింద "ఆహార వేళ" అని రాశారు. గోవిందమ్మ గారు పిల్లల్ని అదిలిస్తున్న ఫొటో కింద "మందకు పెద్ద" అని రాశారు.

అన్నీ తీసేయమని చెప్పాను. మీ ఆల్బం మళ్లీ చేయిస్తాను. మన్నించండి.

మీ
ముద్దుకృష్ణ

తా.క.: గోవిందమ్మ గారి ఫొటో ముందు కాలేజీ పిల్లలు సెల్ఫీలు తీసుకుంటున్నారు. దయచేసి ఆమెకు చెప్పకండి.

*

మదనపల్లె

చిరంజీవి ముద్దుకృష్ణకు,

చెప్పేశాను. నోరు ఆగలేదు.

గోవిందమ్మ గుండె మీద చెయ్యేసుకుని కూలబడింది. "నా ఫొటో గోడకు ఏసినారా? నేనింకా బతికే ఉండా గదా వదినా! పూలదండ గూడా ఏసినారా?" అని ఒకటే ఏడుపు. దండ లేదమ్మా, బెంగళూరు జనం నిన్ను చూసి మురిసిపోతున్నారని నచ్చజెప్పేసరికి పొద్దు గూకింది. ఇప్పుడు కథ తిరగబడింది. "మందకు పెద్ద" అంటే కుటుంబానికి పెద్ద దిక్కు అని ఆమెకు అర్థమైంది. నేను సరిదిద్దలేదు. పుంగనూరు అంతా చెప్పుకుని తిరుగుతోంది. పట్టుచీరకు జాకెట్టు కుట్టిస్తోంది. తనొచ్చి చూసేదాకా ఆ ఫొటో తీస్తే ఊరుకోనంటోంది. కాబట్టి నాయనా, తీసేయమన్నావు చూడు, ఆ మాట వెనక్కి తీసుకో.

మా ఆయనకు మాత్రం తెలియకూడదు. తన మొహం బెంగళూరులో పదిమందీ చూస్తున్నారంటే ఆ మనిషి అన్నం తినడు.

ఇట్లు,
యశోదమ్మ

తా.క.: నేనిది రాస్తుంటే ఆయన వచ్చి, "ఎవురికి రాస్తాండావు?" అని అడిగాడు. కలికిరిలో మా అక్కకు అని చెప్పాను. నాకు అక్కలు లేరన్న సంగతి ఆయన బయటికి వెళ్లాక గుర్తొచ్చింది.

*

నల్లమల

అమ్మా,

మీ ఉత్తరం మాలతి ఫోన్లో చదువుతుంటే నేనొక బండ చాటున ఎలుగుబంటి కోసం కాచుకుని ఉన్నాను. పొద్దుటి నుంచి ఎదురుచూడగా అప్పుడే గుహలోంచి తల బయట పెట్టింది. సరిగ్గా అదే క్షణంలో మాలతి మీ ఉత్తరంలో కలికిరి అక్క దగ్గరికి వచ్చింది. నేను పగలబడి నవ్వాను. ఎలుగుబంటి నన్నొక చూపు చూసి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇప్పుడొక ముఖ్యమైన సంగతి. ఎగ్జిబిషన్ చూసుకునే నీరజ అనే అమ్మాయి ఫోన్ చేసింది. మీ ఫొటో ఒకటి ఉంది, దాని ముందు జనం కదలకుండా నిలబడుతున్నారట. ఏ ఫొటోనో నాకు గుర్తురాలేదు. పంపమని అడిగి, ఫొటో తెరుచుకునేంత సిగ్నల్ కోసం గుట్టెక్కి చూశాను.

భోజనాలయ్యాక మీరు కుర్చీలో నిద్రపోయారు. ఒడిలో పాయసం గ్లాసు అలాగే ఉంది. చుట్టూ ఎవరూ లేరు. రెడ్డెప్ప గారు పక్కన మెట్టు మీద కూర్చుని, తన కండువాతో మీకు విసురుతున్నారు. పక్కకు చూడటం లేదమ్మా. మిమ్మల్నే చూస్తున్నారు. నేను వెలుతురు సరిచూసుకోవడానికి ఊరికే నొక్కిన ఫొటో అది.

దాన్ని ఉంచమంటారా, తీయించమంటారా?

మీ
ముద్దుకృష్ణ

తా.క.: వరసగా ఉన్న మిగతా ఫొటోలు కూడా చూశాను. ఆయన చెమటతో తడిసిపోయారు. చెయ్యి మాత్రం ఆపలేదు.

*

మదనపల్లె

చిరంజీవి ముద్దుకృష్ణకు,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. పోపు మాడిపోయింది. ఆ పూట ఆయన ఏమీ అనకుండా ఆ పప్పే తిన్నాడు.

నువ్వు ఎవరినో చూసి ఆయననుకున్నావేమో అని ఒకరోజంతా అనుకున్నాను. ఆగలేక, గుర్రంకొండలో బారసాల ఉందని చెప్పి, గోవిందమ్మను తీసుకుని బెంగళూరు బస్సెక్కాను. ఎగ్జిబిషన్ హాల్లో గోవిందమ్మ తన ఫొటో పక్కనే పట్టుచీరలో నిలబడిపోయింది. వచ్చిన ప్రతివాళ్లకూ, "నేనే, నేనే" అని చూపించుకుంది.

నా ఫొటో ఉండాల్సిన చోట మేకు ఒక్కటే ఉంది.

నీరజ చెప్పింది, పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడి, "ఇది మా ఇంటిది" అని దించుకుని పోయాడట. ఇంకెవరు? ఎలా తెలిసిందో తెలిసింది. సిగ్గుపడి ఎక్కడో చించి పారేసి ఉంటాడు. ఇంట్లో అంతా వెతికాను, మంచం కింద కూడా. దొరకలేదు. నాకు విసిరినందుకు అంత నామోషీ ఎందుకు నాయనా? అప్పటి నుంచి నేనాయనతో మాట్లాడటం లేదు. ఆయన ఇంకా గమనించలేదు.

నాకొక కాపీ పుంగనూరులో గోవిందమ్మ చిరునామాకు పంపించు.

ఇట్లు,
యశోదమ్మ

తా.క.: వీధిలో ఎవరు ఫోన్ బయటికి తీసినా గోవిందమ్మ కొంగు సర్దుకుని నిలబడుతోంది. ఇది నీ పాపమే.

*

మదనపల్లె టమాటా మండీ

ఫొటోల ముద్దుకృష్ణకు రెడ్డెప్ప రాయునది.

పుంగనూరికి కాపీ పంపమని రాశానని యశోద నిన్న రాత్రి చెప్పింది, అది పంపించొద్దు. ఎందుకో చెబుతాను.

పోస్ట్‌మ్యాన్ రమణ మా వీధికి పోయే ముందు మండీలో టీ తాగుతాడు. నీ ఉత్తరాలన్నీ ముందు నేనే చదివాను. అన్నం మెతుకులతో మళ్లీ అంటించి ఇంటికి పంపేవాణ్ని. నల్లమల ఉత్తరం చదివాక మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాను. బెంగళూరు పోయే టమాటా లారీ ఎక్కి పోయి, ఫొటో దించుకుని వచ్చాను. మండీలో నేను కూర్చునే చోట తగిలించాను. ఎవరైనా వస్తే గోడ వైపుకు తిప్పేవాణ్ని. పోయాక ఇటు తిప్పుకునేవాణ్ని.

నిన్న వేలంపాట మధ్యలో యశోద వచ్చింది. మండీలో అడుగుపెట్టే మనిషి కాదు. "నా ఫొటో ఏం జేసినావు?" అని గట్టిగా అడిగింది. పాట ఆగిపోయింది. ఫొటోను తిప్పే సమయం దొరకలేదు. నా తల వెనకాలే కనిపించింది.

ఆమె దాని ముందుకు వచ్చి చాలాసేపు నిలబడింది. అంతమందీ మా వైపే చూస్తున్నారు.

"పాయసం మీద ఈగలు వాలుతాండె. తోలినా. అంతే" అన్నాను.

"గ్లాసు నా ఒళ్లో ఉండాది. కండువా నా మొగం కాడ ఉండాది" అంది.

మా హమాలీ కొండప్ప మూట దించి, "ఈడ టమాటాల మీద ఇన్ని ఈగలు ఉండాయి గదమ్మా! ఈయప్ప ఏ పొద్దన్నా తోలినాడా అడుగు" అన్నాడు. మండీ అంతా నవ్వింది. నేనూ నవ్వినట్టున్నాను.

యశోద నవ్వలేదు. "ఇంట్లో యాల పెట్టలేదు?" అని మెల్లగా అడిగింది.

"ఇంట్లో అయితే నువ్వే ఉంటావు గదా. ఈడ నాకెవురుండారు?" అన్నాను.

ఆమె ఒక ఖాళీ టమాటా పెట్టె బోర్లించుకుని నా పక్కనే కూర్చుంది. టీ తెప్పించాను. మధ్యలో వేలం చూసి, "ఆ రైతుకు రేటు తక్కువ పలికినారు" అని కూడా అంది. పాట ముగిసేదాకా ఉండి, ఇద్దరం కలిసి నడిచి ఇంటికి పోయాము. దారిలో ఎండగా ఉంటే కొంగు సగం నా తల మీద వేసింది.

ఆల్బం ఎప్పుడైనా పంపు, తొందర లేదు.

ఇట్లు,
రెడ్డెప్ప

తా.క.: నేను విసిరేటప్పుడు ఆమె నిజంగానే నిద్రపోతోందా, కళ్లు మూసుకుని ఊరికే ఉందా అని నిన్న రాత్రి అడిగాను. చెప్పదట. మిగతా ఫొటోల్లో ఎక్కడైనా ఒక కన్ను తెరిచి ఉందేమో పెద్దది చేసి చూడు. ఉంటే అది మండీకే పంపించు.