పేరు రాయని కవరు

నరీన్,
మే 14

ప్రియమైన ఆపా, అత్తమ్మా,

ఇరవై రెండేళ్లుగా నాలో ఒక ప్రశ్న ఉంది. అత్తగారి పేరు కోడలు పలక్కపోవడం గౌరవమా, లేక ఆ మనిషి పేరును కొంచెం కొంచెంగా చెరిపెయ్యడమా? మీ పేరులో ఉన్న పండు పేరు కూడా పలక్కూడదు కదా, అందుకే బజారులో ఇప్పటికీ "ఎర్రగింజల పండు ఒక కిలో" అని అడుగుతాను. పళ్లమ్మే ఆవిడ కావాలనే ఇంకేవో పళ్లు చూపించి నవ్వుతుంది.

మోకాళ్లకు అక్కడి వేడినీటి బుగ్గల వైద్యం పడుతోందా? ఇక్కడ నిన్న పెద్ద రభస. రెండు చలికాలాలు కూర్చుని మీరు కుట్టిన షిర్దాక్ ఉన్ని తివాచీని బిష్కెక్ ప్రదర్శనకు నమోదు చెయ్యడానికి సాయంత్రం ఐదే గడువు. మీ అబ్బాయి లారీతో ఓష్ వెళ్లారు. మన ముసలి కంప్యూటరేమో ఏ సైటు పేరు కొట్టినా "దొరకలేదు" అంటోంది. నాతో చదివిన గుల్సున్ టెలిఫోను ఆఫీసులో ఉందిగా, దానికి ఫోన్ చేశాను.

"పేరు కాదే, నేను చెప్పే నంబరు కొట్టు," అంది. కొట్టాను. జవాబు వచ్చింది.

"చూశావా, లైను బాగానే ఉంది. పేరు చెబితే నంబరు వెతికిపెట్టే చోటు ఒకటుంటుంది, అదే దొరకడం లేదు. అచ్చం నీలాగే. మనిషి తెలుసు, పేరు మాత్రం నోట రాదు!"

"ఎగతాళి తర్వాత చేద్దువు గానీ, నాలుగున్నర అయింది తల్లీ!"

సెట్టింగుల్లో పన్నెండేళ్ల కిందట మీ అబ్బాయి స్వయంగా కొట్టిన నంబరు ఉంది. వీధి చివరి ఇంటర్నెట్ దుకాణం వాళ్లది. పేర్లకు నంబర్లు వెతికిపెట్టే ఆ యంత్రాన్ని వాళ్లు పోయిన వారమే తీసేశారట. కంప్యూటరు ఇంకా అక్కడికే వెళ్లి అడుగుతోంది, చెప్పేవాళ్లే లేరు. ఆ నంబరు తుడిచేసి, కొత్తది దానంతట అదే తెచ్చుకునేలా మార్చాను. అయినా తెరుచుకోలేదు.

"మార్చాక 'సరే' నొక్కావా?"

"మూలనున్న ఎర్ర గుర్తు నొక్కి మూసేశాను."

"ఓసి నీ తెలివి! బళ్లో ఫిజిక్సు ఎలా చెప్తున్నావే నువ్వు?"

రెండోసారి 'సరే' నొక్కితే సైటు తెరుచుకుంది. కుట్టినవారి పేరు అన్నచోట మన పాప పేరు కలిపి "అయ్‌పెరి నానమ్మ" అని రాశాను. పాస్‌పోర్టులోని పేరే ఉండాలంటూ ఎర్రక్షరాలు వచ్చాయి.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. నాలుగేళ్ల కిందట సంతలో మీ తివాచీ కింద "నరీన్ మహిళల పని" అని చీటీ ఉంది, గుర్తుందా? మీరు అది చదివి, చలిగా ఉంది, టీ తాగుదాం అన్నారు. అది జూలై నెల. ఆ చీటీ రాసింది నేనే ఆపా. మీ పేరు రాయమంటే నాకు చెయ్యి ఆడలేదు.

నిన్న ఆడింది. ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూస్తూ ఒక్కో అక్షరమే కొట్టాను. ఐదుకి ఇంకా నాలుగు నిమిషాలుండగా "అందింది" అని వచ్చింది, దాని కింద పెద్ద అక్షరాల్లో మీ పేరు. ఎంత బాగుందో!

"ఇప్పుడు ఆ పేరు పైకి అను చూద్దాం," అంది గుల్సున్. ఫోన్ పెట్టేశాను.

మీ కవర్ల మీద పేరు ఎప్పుడూ అయ్‌పెరి చేత రాయించేదాన్ని. అది బడికి వెళ్లింది, పోస్టు బండి ఇంకాసేపట్లో వెళ్లిపోతుంది. కలం నా చేతిలోనే ఉంది. నా రాతలో మీ పేరు చూస్తే మీకు సంతోషమేస్తుందో, చిన్నతనంగా ఉంటుందో నాకు ఇప్పటికీ తేలడం లేదు.

మీ కోడలు,
బురుల్చా