కన్నమ్మ చెవి మిషన్

నవంబర్ 4
మిశ్రాజీ కంప్యూటర్‌కు కూడా కొత్త సిస్టం ఎక్కించడం అయింది. బజారులో చెవి పరీక్షలు చేసేది ఆయనొక్కడే. ఎప్పుడో సపోర్ట్ ఆగిపోయిన సిస్టం మీదే నెట్టుకొస్తున్నాడు. పోయినేడు వైరస్ తగిలినా బుద్ధి రాలేదు. "చల్ రహా హై న, భాయ్!" నడుస్తోందిగా అంటాడు. గడియ లేని తలుపండీ అది, అని చెప్పి చెప్పి ఒప్పించా. మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కించా. బచేలిలో నా కంప్యూటర్ రిపేరు గిరాకీల దగ్గర పాత సిస్టం ఇక ఒక్కటీ లేదు. గర్వంగానే ఉంది.

నవంబర్ 9
మా ఆవిడ కన్నమ్మ చెవి మిషన్ రిపేరు నుంచి వచ్చింది. పెట్టుకుందో లేదో కెవ్వుమని తీసేసింది. లోపలి సెట్టింగులన్నీ చెరిగిపోయాయట. కుక్కర్ ఈల చెవిలో గుచ్చుతోంది, నా మాటేమో గొణుగుడు. "ఏందిది, డబ్బాల మూతి పెట్టి మాట్లాడుతున్నవా?" మిశ్రాజీ దగ్గర సరిచేయిస్తాలే అన్నా. పది నిమిషాల పని.

నవంబర్ 10
మిశ్రాజీ దగ్గరికి తీసుకెళ్లా.
మిషన్‌ను కంప్యూటర్‌కు కలిపే ఆ చిన్న పెట్టెను కొత్త సిస్టం గుర్తే పట్టడం లేదు. "వో పురానే మే హీ చల్తా థా..." పాతదాని మీదే నడిచేదట. మిశ్రాజీ తిట్టినా బాగుండేది. కన్నమ్మకు ఏ శబ్దం ఎంత పెంచాలో, ఆ లెక్కంతా పాత డిస్కులోనే ఉండేదట. నా చేత్తోనే తుడిచేశా. నా పెళ్లాం చెవిని నేనే! ఇందులో ఏముందని ఒక్క మాట అడిగానా?

నవంబర్ 11
పాత సిస్టం మళ్లీ ఎక్కించా. చెవి మిషన్ సెట్ చేసే సాఫ్ట్‌వేర్ సీడీ మిశ్రాజీ దగ్గర లేదు. మిషన్ చేసినవాళ్లకు ఫోన్ చేస్తే — "ఆ మోడల్ ఆపేశాం సర్, కొత్తది తీసుకోండి." నేను గిరాకీలకు చెప్పే మాటే. అంతే మర్యాదగా.

నవంబర్ 13
బాసగూడ నుంచి అత్త ఫోన్. ఆమెకు వాళ్ల భాష దోర్లీ తప్ప రాదు, నాకు దోర్లీ రాదు. ఆమె అన్నది అన్నట్టు తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, ఒక్క ముక్క అర్థం కాకుండానే. కన్నమ్మ అది చదివి, ఫోన్లో జవాబు చెబుతోంది. మధ్యలో నా వైపు తిరిగి — "చెవి సంగతి అమ్మకు చెప్పకు. చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయినప్పుడే మస్తు ఏడ్చింది."

నవంబర్ 15
వంటింట్లోకి కేకేస్తా. గుర్తొచ్చి, లేచి వెళ్లి భుజం తడతా.

నవంబర్ 16
కిరండూల్ నుంచి ఒకాయన పాత కంప్యూటర్ తెచ్చాడు. కొత్తది ఎక్కించమంటాడు. పాతవాటిని మోస్తూ కూర్చుంటే దొంగలకు తలుపు తీసినట్టే, ఇప్పటికీ అంటాను. కానీ... "దీని మీద ఇంకేం నడుస్తాయండీ? ఎవరికి పనికొస్తుంది?" అని అడిగా. వింతగా చూశాడు.

నవంబర్ 18
మళ్లీ అత్త. ఈసారి గడగడా చెప్పుకుపోతోంది, నా పెన్ను అందుకోలేకపోతోంది. కన్నమ్మ ఓపిక పట్టలేక ఫోన్ లాక్కుని చెవికి ఆనించుకుంది. "ఊఁ... ఊఁ..." నవ్వు, తల ఊపడం, మళ్లీ ఊఁ. అచ్చం వినబడుతున్నట్టే.
ఇంతలో ఫోన్లోంచి టీక్, టీక్, టీక్. సిగ్నల్ పోయింది. అది నాకు వినబడుతోంది.
కాగితం మీద 'కట్' అని రాశా. చూపించలేకపోయా. ఆమె ఇంకా ఊఁ కొడుతూనే ఉంది.