తల మీద చుక్కలు

పెద్దనాయనకు,

నమస్కారం రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం.

నాయన కర్మ రోజు జువ్వలదిన్నె సముద్రపు ఒడ్డున, నా గుండు మీది నలుపు చూపించి, "వీడు సరిగ్గా గుండు చేయించుకోలేదు, అందుకే కాకి పిండం ముట్టలేదు" అని ఊరందరి ముందు అరిచావు. ఆ నలుపు వెంట్రుకలు కాదు, పచ్చబొట్టు. బట్టతల కనపడకుండా నెల్లూరులో సూదితో చుక్కలు పొడిపించుకున్నాను. అంతసేపూ నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది నాయనే. "మా అన్న ఏమన్నా అంటే నేను చెప్తాలేరా" అన్నాడు.

అదే చెప్పబోతే నా మాట వినకుండా మంగలి చేత మళ్లీ గీయించావు. నెత్తురు కారింది, చుక్కలు పోలేదు. నువ్వు పిండం పక్కనే నిలబడి తువ్వాలు ఊపుతూ కేకలేస్తుంటే కాకి ఎలా వాలుతుంది? నువ్వు వెళ్లిపోయాక, నెత్తురోడే తలతో నేను దూరంగా నిలబడితే, వచ్చి తిన్నది. మంగలిని అడుగు.

ఇప్పుడు మాసికం నా చేత పెట్టించవద్దని కబురు పంపావట. పెట్టేది నేనే. ఆ రోజు వచ్చి, పెద్దల ముందు నా తల తడిమి చూసి, తప్పు ఒప్పుకో.

నీకు చెప్తానన్న మనిషి లేడు. అందుకే నేను రాయాల్సి వచ్చింది.

నీ తమ్ముడి కొడుకు