వదిలేసిన సగం

నంద్యాల,
3 అక్టోబరు 1956

నన్ను భుజాల మీద మోసి పెంచిన అన్న గోపన్నకు,

కోపంతోనే రాస్తున్నాను. మొన్న కోడుమూరు వచ్చి మన కొర్రచేను చూసి, ఇంటి గడప తొక్కకుండానే తిరిగి బస్సెక్కాను. నువ్వు ఎదురుపడి ఉంటే ఏమనేవాణ్ణో నాకే తెలియదు.

విత్తేటప్పుడు నీకు ఎంత వివరంగా చెప్పాను! బీడుగడ్డి వేళ్లలో ఒక రకం బూజు కాపురముంటుందనీ, దాని సన్నటి పోగులు వేరు అందుకోలేని చోటి నుంచి సారం లాగి మొక్కకు ఇస్తాయనీ చెప్పాను. ఆ వేళ్ల మన్ను తెచ్చి తూర్పు సగంలో విత్తనం కింద వేశాం. పడమటి సగానికి ఏమీ వేయవద్దన్నాను. రెండూ పక్కపక్కన ఉంటేనే కదా బూజు చేసిన మేలెంతో తేలేది! "అట్లే కానీలేప్పా" అన్నావు. కిందటిసారి వచ్చేసరికే తూర్పు కొర్ర నడుము దాకా ఎదిగింది, పడమర మోకాలు దాటలేదు. మా వ్యవసాయ ఆఫీసులో నన్ను "బూజు దేవేంద్రప్ప" అని నవ్వేవాళ్లందరినీ కోతకు పిలుచుకొస్తానని చెప్పుకున్నాను.

తీరా చూస్తే పడమటి సగంలో కూడా మొదళ్లన్నీ తవ్వి అదే మన్ను పోసి ఉంది. ఇక దేన్ని దేనితో పోల్చాలి? పరాయివాడు చేసి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి. సొంత అన్నవే చేశావు. మళ్లీ ఆ చేనులో అడుగు పెట్టను.

దేవేంద్రప్ప


కోడుమూరు,
9 అక్టోబరు

మరిది దేవేంద్రప్పకు వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం విని మీ అన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆయనకేమీ తెలియదు. ఆ మన్ను పోసింది నేను.

వాన మొహం చాటేసిన ఆ నెలలో గట్టు మీద నిలబడి నిన్ను అడిగాను. "ఆ పక్కకు గూడా రోంత మన్ను ఎయ్యప్పా, పైరు పసుపు తిరుగుతాండాది" అన్నాను. నువ్వేమన్నావు? "వద్దు వదినా, అది అట్లే ఉండాల. అదే నాకు సాక్ష్యం" అన్నావు. నీకు సాక్ష్యమే. నా పిల్లలకు అది ఏడాది తిండి. బతికించే దారి తెలిసి కూడా సగం చేను ఎండనిస్తే నీ చదువు ఎవరి కోసం? నువ్వు నంద్యాల పోగానే పక్కింటి గురమ్మను తోడు పిలుచుకొని బీడు నుంచి గంపలతో మోసి పోశాను.

ఆలస్యమైంది కాబోలు, పెద్దగా ఫలితం లేదు. నిన్న కోశాం. తూర్పున కంకులు బరువుకు వంగాయి, పడమట అంతా గింజ లేని పొట్టే. నీ మాట నిజమే. నిజం కాబట్టే నాకింత మంట. అబద్ధమై ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని.

వెంకటేశ్వరమ్మ


నంద్యాల,
20 అక్టోబరు

తల్లిలాంటి వదినకు,

మీ ఉత్తరం చించేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. చించలేకపోయాను.

పోల్చి చూసేందుకు ఇక్కడ ఒక మడి ఇమ్మని మా అధికారిని అడిగాను. "ఈ బూజు గొడవ నీ ఊర్లో చూసుకోపో" అన్నాడు. కుమ్మరి దగ్గర కుండలు చెప్పి వచ్చాను. మా పెరట్లో సగం కుండలకు మన్ను వేస్తాను, సగం వదిలేస్తాను. అవి ఎండినా పస్తుండేది ఎవరూ లేరు. వచ్చే విత్తనానికి ముందే వచ్చి మన చేనంతటికీ మన్ను మోస్తాను. అన్నతో చెప్పండి, గట్టు దగ్గరే ఆపి రెండు తిట్టమనండి.

కోపం ఇంకా పోలేదు వదినా. కానీ మీ మీద కాదు.

దేవేంద్రప్ప