నూట యాభై ఒక్క చెట్లకు మేమే వేసిన అంకెలు

కొల్లేటి సుందర రహదారి ప్రత్యేక అధికారి గారి సముఖమునకు, పెదపాడు మండలం నుంచి విలేకరి చలపతిరావు సమర్పించుకొను అర్జీ.

విషయం: నిద్రగన్నేరు బాటలో 88 నుంచి 151 వరకు అంకెలున్న చెట్ల నరికివేతను సోమవారం లోపు నిలిపివేయుట గురించి.

అయ్యా,

1. ఏలూరు వైపు రాష్ట్ర రహదారినీ, తాడేపల్లిగూడెం వైపు రాష్ట్ర రహదారినీ కలుపుతూ కొల్లేటి అంచున సాగే పదకొండు కిలోమీటర్ల రోడ్డును మేము నిద్రగన్నేరు బాట అంటాము. చెట్ల వయసు తొంభై ఏళ్ల పైమాట. గత జూలైలో తమరు మా పంచాయతీ ఆఫీసులో సభ పెట్టి, దీనిని చారిత్రక సుందర రహదారిగా ప్రకటిస్తామన్నారు. చేపల లారీలు రాష్ట్ర రహదారుల మీదుగానే చుట్టు తిరిగి పోతాయనీ, ఈ బాటలోకి రావనీ చెప్పారు. "చెట్లు లేకపోతే ఈ రోడ్డుకి చరిత్రేముందండీ?" అన్నది తమరి మాటే. నేను రాసుకున్నాను. మరునాడు పత్రికలో వచ్చింది.

2. ప్రకటనకు చెట్ల జాబితా కావాలనీ, సిబ్బంది లేనందున ఊరివారే తయారు చేయాలనీ కోరారు. ఊరు వెనకాడింది. "ఆఫీసోళ్ల కోసం చెట్టుకి అంకె వేయడం మంచిది కాదండి" అన్నాడు రైతు గంగరాజు. అధికారి గారి మాట స్వయంగా విన్నానని నేను చెప్పాను. "మీరు విన్నారంటే సరేనండి" అన్నాడు. ఆరు రోజులు పట్టింది. గంగరాజు టేపు పట్టి చుట్టుకొలత చెప్పాడు. టీ కొట్టు పుష్పమ్మ తెల్లరంగుతో అంకె వేసింది. జాబితా నేను రాశాను.

3. నలభైకీ నలభై ఒకటికీ మధ్య ఒక చెట్టుకు తేనెపట్టు ఉంది. "దీన్ని తర్వాత చూద్దారండీ, కుడితే ఆసుపత్రి ఏలూరులో ఉంది" అని గంగరాజు నన్ను పక్కకు లాగాడు. తర్వాత మరిచిపోయాము. జాబితా 151తో ముగిసింది. తమ కార్యాలయం ఇచ్చిన రశీదు నా వద్ద ఉంది.

4. ఈ నెల మూడో తేదీన రంపాలతో మనుషులు దిగారు. రాష్ట్ర రహదారుల విస్తరణ ఆగిపోయిందట. లారీలను ఈ బాట మీదుగానే పంపుతారట, అందుకు వెడల్పు చేస్తారట. మేస్త్రీ ఎలీయాజరు చేతిలో ఉన్నది నా జాబితాయే, నా కొట్టివేతలతో సహా. "కాపాడవలసిన చెట్లు" అని నేను రాసిన చోట "తొలగించవలసిన చెట్లు" అని కాగితం అంటించారు.

"ఎవరు రాశారో గానీ, మాకు కొలిచే పని లేకుండా చేశారండి" అని ఎలీయాజరు మెచ్చుకున్నాడు.

5. శనివారానికి 87 చెట్లు పడిపోయాయి. మిగతావి సోమవారం మొదలుపెడతారట. ఆ మేరకు రోడ్డు పొడవునా నిలిచి ఉన్నది తేనెపట్టు చెట్టొక్కటే. దాన్నెందుకు వదిలారని ఎలీయాజరును అడిగాను. "అంకె లేదు కదండీ. అంకె లేని చెట్టు ముట్టుకుంటే మా మీద కేసండి" అన్నాడు.

6. పుష్పమ్మ కొట్టు 88వ చెట్టు కింద ఉంది. ఇరవై ఏళ్లుగా అదే నీడ. "ఏవండీ విలేకరి గారూ, అంకె వేస్తే చెట్టుకి మంచిదన్నారు. నా చేత్తోనే వేయించారు కదండీ" అంది. టీ మాత్రం ఎప్పటిలాగే ఇచ్చింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నా వార్తలకు ఖండనలు వచ్చాయి, నోటీసులు వచ్చాయి. ఆ టీ తాగినంత కష్టం ఎప్పుడూ పడలేదు.

కావున తమరు చిత్తగించి, మిగిలిన 64 చెట్లను సభలో ఇచ్చిన మాట ప్రకారం కాపాడవలెనని ప్రార్థన. మాట మార్చుకున్నట్లయితే అదైనా రాతపూర్వకంగా ఇప్పించవలెను. దానిని కూడా ప్రచురిస్తాను.

ఇప్పటివరకు తమ విధేయుడు,
చలపతిరావు

తా.క.: అర్జీ తమరికి చేరేసరికి సోమవారం దాటిపోవచ్చునని తోచి, ఈ ఉదయం 88 నుంచి 151 వరకు అంకెలు చెరిపివేశాము. గంగరాజు కొడవలితో గీకాడు. పుష్పమ్మ గ్లాసులు తోమే కొబ్బరిపీచుతో రుద్దింది. కేసు పెడితే నా పేరొక్కటే రాయించండి. వాళ్లు నా మాట విన్నవాళ్లు మాత్రమే. తమ జాబితాలో ఇంకా 64 చెట్లు ఉన్నాయి. రోడ్డు మీద అంకె ఉన్న చెట్టు ఒక్కటీ లేదు.