వాపు తగ్గాకే ఆపరేషన్

మంగళవారం, ఏలూరు

మనవరాలు సునీత ఆపరేషన్ వాయిదా పడింది. తండ్రీకూతుళ్లు చేసుకున్న నిర్వాకమే. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బింది. నాళం గోడల్లో వాపు ముందు మాత్రలతో తగ్గాలని, లేకపోతే కుట్లు నిలవవని డాక్టరు గారు ఎప్పుడో చెప్పారు. ఆ మాత్రలకు ముఖం ఉబ్బుతోందని ఇది వాటిని మానేసింది. తెలిసీ నా కొడుకు ఊరుకున్నాడు. చెరువులో పెంచే రొయ్యలకు మాత్రం ఒక్కపూట మేత తప్పనివ్వడు.

"ఎలాగోలా చేసేయమందామమ్మా," అన్నాడు.

"నానిపోయిన చెరువుగట్టుకి కొత్త మట్టి వేస్తే నిలుస్తుందట్రా?" అన్నాను.

రాత్రి మాత్ర నేనే ఇచ్చాను.

"మీరంటే నాకు అసహ్యం మామ్మా," అంది మనవరాలు.

"మింగి అసహ్యించుకోవే."

నోరు తెరిపించి చూశాను. మింగింది. వాపు తగ్గేదాకా ఆ బుడగ పగలకుండా ఆగితే...