ఫోను మింగేసిన శ్రుతి

తెనాలి,
మంగళవారం.

ప్రియమైన హెప్సిబా,

ఆశీస్సులు. పాఠం వేళ పాఠమే, కబుర్లన్నీ ఉత్తరంలోనే అన్న నా పద్ధతి, పాఠాలు ఫోను వీడియోలోకి మారినా మారదు. నువ్వు రేపల్లె పాసింజరు ఎక్కి శనివారం శనివారం మా ఇంటికి వచ్చిన రోజుల్లోనూ అంతే కదా. పాఠంలో నోరు మెదపకుండా, ఇంటికెళ్లి ఇన్‌లాండ్ లెటర్లో సందేహాలు రాసేదానివి.

ఇక తిట్లు. శ్రుతి పెట్టె లేకుండా ఎందుకు పాడుతున్నావు? శ్రుతి లేని పాట ఉప్పు లేని పప్పని ఎన్నిసార్లు చెప్పాను? పైగా 'సా' పట్టుకోమంటే గొంతు బాగానే లేచి, మధ్యలో సన్నగిల్లి మాయమైపోతోంది. నోరు తెరిచే ఉంటుంది, పాట ఉండదు. గాజు తొట్టెలో చేపని చూస్తున్నట్టుంది నాకు. తప్పు ఫోను మీదకి నెట్టి, ఆడలేక మద్దెల ఓడు అనిపించుకోకు.

ఈ నెలాఖరుదాకా చూస్తాను. ఇలాగే ఉంటే పాఠాలు ఆపేద్దాం. నీ గొంతు పాడవుతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. మీ అమ్మ ధనమ్మగారికి ఎలా ఉంది?

నీ టీచరు,
ఇందుమతి

రేపల్లె,
శుక్రవారం.

ప్రియమైన టీచరుగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి ఏడ్చానండి. శ్రుతి పెట్టె ఫోను పక్కనే పెట్టి, మోత బాగా పెంచి మరీ పాడుతున్నాను. ఒట్టు పెట్టడం మా ఇంట్లో తప్పు, లేకపోతే పెట్టేదాన్ని.

అమ్మకి అలాగే ఉంది. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి కుడి చెయ్యి లేవదు, మాట లేదు. బాపట్ల డాక్టరుగారు మాత్రం "మాట పోయింది గానీ చెవులు పోలేదమ్మా. ఇంట్లో పాట ఆపకు, ఎప్పుడో ఒకప్పుడు అందుకోవచ్చు" అన్నారు. అందుకే ఆవిడ మంచం పక్కనే కూర్చుని పాడతాను. ఫోను బియ్యం డబ్బాకి ఆనించి నా వైపు తిప్పుతాను కాబట్టి మంచం మీకు కనపడదు. ఇయర్‌ఫోన్లు ఎందుకు పెట్టుకుంటానో తెలుసా? మీరు నన్ను తిట్టేది అమ్మ వినకూడదని.

మా చర్చిలో పాట నడిపించింది అమ్మే కదా. "పక్కావిడ ఊపిరి తీసుకుంటే నువ్వు పట్టుకుని ఉండాలే, పాట కింద పడకూడదు" అనేది. వదిలేస్తే తొడ మీద గిల్లేది. నన్ను మీ దగ్గరికి పంపిందీ ఆవిడే. మీరు పాఠం ఆపేస్తే ఈ ఇంట్లో పాట ఆగిపోతుంది టీచరుగారూ. అమ్మ ఇక దేన్ని అందుకుంటుంది? ఆపకండి.

మీ
హెప్సిబా

తెనాలి,
బుధవారం.

ప్రియమైన హెప్సిబా,

నాకే సిగ్గేసింది. మొన్న పాఠంలో నీ పాట వదిలేసి నీ ఇంటిని విన్నాను. నీ నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది, జుట్టు ఎగురుతోంది, మోత మాత్రం లేదు. కిటికీలోంచి ఆటో పోయింది, చప్పుడు లేదు. రేపల్లె అంత బుద్ధిగా ఎప్పటినుంచి ఉందే?

మేడ మీద సాంబశివరావుగారిని అడిగాను. ఆయనకి పొద్దస్తమానం వీడియో మీటింగులే. మాటలు స్పష్టంగా వినపడాలని, ఆగకుండా వచ్చే మోతనంతా ఫ్యాను గోల అనుకుని తీసేస్తుందట ఆ ఫోను. దానికి శ్రుతీ గోలే, నువ్వు పట్టుకున్న 'సా' కూడా గోలే! నా బతుకంతా గోలేనన్నమాట. ఈసారి మద్దెల నిజంగానే ఓడు. తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఇలా చెయ్యి. పాఠానికి ముందు సెట్టింగ్స్‌లో ఆడియో తెరిచి 'ఒరిజినల్ సౌండ్' నొక్కు, ఉన్న మోత ఉన్నట్టే వస్తుందట. అది నీ ఫోనులోనే నొక్కాలి. ఇయర్‌ఫోన్లు మైకు లేనివి కొనుక్కో, ఫోను మైకే పాట వింటుంది. అవి మాత్రం తీయకు. తీస్తే నా గొంతు నీ గదిలో తిరిగి నాకే వినపడుతుందట. నేను పాడి ఆపాకే నువ్వు అందుకో. కలిపి పాడితే నీ పాట నాకు వెనకబడి వస్తుంది.

నీ టీచరు,
ఇందుమతి

రేపల్లె,
ఆదివారం.

ప్రియమైన టీచరుగారికి,

నొక్కానండి. అమ్జద్ కొట్లో మైకు లేని ఇయర్‌ఫోన్లు దొరికాయి. చెవులు బిగించేశాయి, శ్రుతి మోతా నా గొంతూ తప్ప ఇంకేమీ తెలియదు. మా ఇంటి గోలంతా మీరు వింటారని సిగ్గుగా ఉంది. కుక్కరు ముందే దించేస్తాను.

ఒక్క మాట. నేను పాడటం మొదలుపెట్టగానే అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంటుంది. నా ముఖం చూడదు. డాక్టరుగారు నన్ను ఊరడించడానికే అలా అన్నారేమోనని భయంగా ఉంది. మీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

మీ
హెప్సిబా

తెనాలి,
శనివారం, పాఠం అయిన వెంటనే.

ప్రియమైన హెప్సిబా,

వినపడింది! శ్రుతి వినపడింది, నీ 'సా' చివరిదాకా వినపడింది. గొంతు పాడవలేదే, ఇంకా లోతెక్కింది. పాఠాలు ఆపే మాట ఇక ఎత్తను. ఫ్యాను, కాకులు, చేపలామె కేక, అన్నీ విన్నాను. మీ ఇంట్లో కూర్చున్నట్టే ఉంది, కాఫీ ఒక్కటే తక్కువ.

కానీ కోపంగా కూడా ఉంది. పాఠానికి ఇంకొకరిని కూర్చోబెట్టుకుంటే నాకు ముందు చెప్పొద్దా? పాఠం మధ్యలో మాటలు కూడదు కాబట్టి ఊరుకున్నాను. ఎవరావిడ? పెద్దావిడ గొంతు, కాస్త గరగర. మాటల్లేవు, మూసిన నోటితో స్వరం ఒక్కటే. శ్రుతి మాత్రం వెంట్రుకవాసి తప్పలేదు. నువ్వు ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆవిడ స్వరం పట్టుకుని ఉంది. నువ్వు అందుకున్నాకే తను ఊపిరి తీసుకుంది. ఎవరు నేర్పారో గానీ గొప్ప అలవాటు. ఈసారి ఆవిడని నాకు కనపడేలా కూర్చోబెట్టు.

నీ టీచరు,
ఇందుమతి

రేపల్లె,
బుధవారం.

ప్రియమైన టీచరుగారూ,

మా ఇంట్లో నేనూ అమ్మా తప్ప ఎవరూ లేరండి.

మీ ఉత్తరం గుమ్మంలోనే చదివాను. లోపలికి వెళ్లి శ్రుతి పెట్టె వేసి, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా అమ్మ మంచం మీద కూర్చున్నాను. అమ్మ గోడ వైపు తిరిగింది. 'సా' అన్నాను. ఊపిరి అయిపోయి ఆపాను. స్వరం ఆగలేదు. అమ్మ వీపు మీద చెయ్యి వేస్తే ఆ స్వరం అరచేతికి తగిలింది. ఏడుపొచ్చి నేను తిరిగి అందుకోలేకపోయాను. దగ్గొచ్చేదాకా అమ్మ పట్టుకునే ఉంది. ఆ తర్వాత ఇటు తిరిగి, ఎడం చేత్తో నా తొడ మీద గట్టిగా గిల్లింది.

ఎన్నాళ్లుగా పాడుతోందో! నేనేమో చెవులు మూసుకుని పక్కనే కూర్చున్నాను. ఫోను గోల అనుకుంది, నేను శ్రుతి అనుకున్నాను. మీకు నిజంగానే తెలియలేదా, తెలిసే అడిగారా?

శనివారం ఫోను అమ్మ వైపు తిప్పుతాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకోను. మీ గొంతు మీకే తిరిగి వినపడుతుంది, కాస్త ఓర్చుకోండి. మీరు పాడేది అమ్మకి కూడా వినపడాలి. నన్ను తిట్టేది కూడా విననివ్వండి.

మీ శిష్యురాళ్లు,
హెప్సిబా, ధనమ్మ